విప్పని బొమ్మ

రెఫుహియో అర్రెదోందోకి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు. నడుములు గుర్తుండేవి. ఒకసారి బ్రూక్లిన్ అవెన్యూ బజారులో టమాటాలు ఏరుకుంటూ, ముందు నిలబడ్డ ఆవిడ వీపు చూసి, ఎడమవైపు పావంగుళం తగ్గారు, ఒంట్లో బాగానే ఉందా అని ఆప్యాయంగా పలకరించింది. ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. చూస్తే దేశమంతా కొలిచే తార. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, ఎవరి కంటా పడకూడదని ఊరి ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చి చేపలు కొనుక్కుంటోంది. మొహం దాచుకోవడానికి చేయాల్సినవన్నీ చేసింది గాని, నడుము కూడా దాచుకోవాలని ఆవిడకి తట్టలేదు పాపం. చేపలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ సంగతి కుట్టుగదిలో చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. ఆ చేపలేమయ్యాయని మాత్రం ఎవరూ అడగలేదు. కూకా ఇంట్లో ఆ రాత్రి చేపల పులుసు.

కూకా అనేది రెఫుహియోని అందరూ పిలిచే పేరు. సినిమా స్టూడియోలో దుస్తుల విభాగం మేడమీద, ఉత్తరపు వెలుతురు పడే పొడుగాటి గదిలో ఆమె పద్దెనిమిదేళ్ళుగా ఒకటే పని చేస్తోంది. బొమ్మలు తయారు చేయడం. స్టూడియోతో ఒప్పందం ఉన్న ప్రతి నటికీ ఆ గదిలో ఒక బొమ్మ ఉండేది. తలా చేతులూ ఉండవు. కాగితపు గుజ్జుతో చేసిన మొండెం, పైన కాన్వాసు తొడుగు, కింద ఇనప కాలు, మెడ దగ్గర తెల్ల పట్టీ మీద నటి పేరు. తారలకి గంటలకొద్దీ నిలబడి కొలతలిచ్చే తీరిక ఉండదు కనుక గౌన్లన్నీ ఆ బొమ్మల మీదే కత్తిరించేవారు. మనిషి ఎక్కడ లావైతే అక్కడ తొడుగు కింద దూది పొర పెట్టాలి. ఎక్కడ తగ్గితే అక్కడ తీయాలి. అది కూకా పని. గుండుసూది గుచ్చేముందు ప్రతిసారీ, "క్షమించమ్మా," అనేది బొమ్మతో. కొత్తగా చేరిన పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆరునెలలు తిరిగేసరికి వాళ్ళూ అనేవారు.

ఏ తార వెనకభాగంలో ఎంత దూది ఉందో, కత్తియుద్ధాల కథానాయకుడి పిక్కల్లో ఎన్ని పొరలున్నాయో కూకాకి తెలుసు. పత్రికలవాళ్ళు ఆ సంగతుల కోసం చెత్తబుట్టలు కూడా వెతికేవారు. అందుకే ఆ గదిలో ఒక పద్ధతి. కొలతల కాగితం ఒక్కటే రాయాలి. ఆ కాగితాన్ని మడిచి బొమ్మ తొడుగు లోపల పెట్టి కుట్టేయాలి. ఇంకెక్కడా, ఎవరి దగ్గరా నకలు ఉండకూడదు. ఆ తరవాత బొమ్మే సాక్ష్యం, బొమ్మే తీర్పు. "బొమ్మ అబద్ధమాడదు," అనేది మేడమ్ జినయీదా. ఆవిడ కుట్టుగదికి పెద్ద. రష్యానుంచి పారిపోయి వచ్చింది. అక్కడ రాణివాసానికి కుట్టేదాన్నని చెప్పేది. ఏ రాణి అని ఎవరూ అడిగే సాహసం చేయలేదు.

మూగ సినిమాల కాలంలో ఇంత నిక్కచ్చి అక్కర్లేకపోయింది. ఆ కుచ్చులకిందా, ఆ పొరలకిందా మేకపిల్లని దాచినా తెలిసేది కాదు. సినిమాకి మాటొచ్చాక చిక్కొచ్చింది. పట్టు లోపావడా గరగరలాడితే మైకులో అడవి తగలబడుతున్నట్టు వినిపించేది. పూసలు టకటకమనేవి. గరగరలు, కుచ్చులు, పూసలు ఒక్కొక్కటే పోయి, చివరికి ఏటవాలుగా కత్తిరించిన శాటిన్ మిగిలింది. తడిగుడ్డలా ఒంటికి అతుక్కునే గౌను. ఆ గౌనులో కూర్చుంటే కుట్లు పిగులుతాయని, తారలు విశ్రాంతి తీసుకోవడానికి ఒక వాలుబల్ల చేయించారు. దానికి ఆనుకుని నిలబడి కునుకు తీసేవాళ్ళు. తెల్ల శాటిన్ దీపాలకింద మరీ మెరుస్తుందని టీ డికాషన్‌లో ముంచేవారు. తెరమీద వెన్నెలలా కనిపించే ఆ గౌన్లు కుట్టుగదిలో మాసిన దుప్పటిలా ఉండేవి. ఆ గౌన్లలో దాక్కోవడానికి చోటు లేదు. అర అంగుళం తేడా ఉన్నా దేశమంతా చూస్తుంది.

ఐరిస్ కోర్ట్‌లండ్ బొమ్మ కిటికీ దగ్గర, ఆవిరి గొట్టం పక్కన ఉండేది. ఐరిస్ తొమ్మిదేళ్ళుగా పెద్ద తార. చిన్నప్పుడు తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చంకనేసుకుని మోసినందువల్ల ఆమె ఎడమభుజం అర అంగుళం కిందికి ఉండేది. ఆ సంగతి ఆమెకీ కూకాకీ తప్ప ఎవరికీ తెలియదు. స్టూడియోలో కూకాని పూర్తిపేరుతో పిలిచేది ఆమె ఒక్కతే. రెఫుహియో అంటే ఆశ్రయమని ఎవరో చెప్పారట. అంత మంచి పేరుని కుదించడమెందుకు అనేది.

ఆఖరి ఏడాది మేడమ్ దగ్గరనుంచి నెలనెలా చీటీలొచ్చాయి. మిస్ కోర్ట్‌లండ్ నడుము, అర అంగుళం తగ్గించాలి. కూకా ఒక దూది పొర తీసింది. మళ్ళీ చీటీ. ఇంకో పొర. ఎండాకాలం వెళ్ళేసరికి కూకాకి నిద్రపట్టడం మానేసింది. ఒకరోజు ధైర్యం చేసి, ఈ అమ్మాయి కరిగిపోతోంది మేడమ్ అంది. కెమెరా పది పౌన్లు కలుపుతుంది, మనం పది పౌన్లు తీస్తున్నాం, సరికి సరి అంది మేడమ్. కూకా నోరు మూసుకుంది. జనవరిలో ఐరిస్ పోయింది. నిమోనియా అని పత్రికల్లో వేశారు.

మూడోరోజు పొద్దున మేడమ్ ఆ బొమ్మ దగ్గరకొచ్చి నిలబడి, పట్టీ మీద పేరు చూసింది. తరవాత, ఐరిస్ వేషం కొత్త పిల్లకిచ్చారని, ఆ పిల్ల కొలతలు తీసుకుని ఈ బొమ్మ విప్పి మళ్ళీ కట్టమని చెప్పింది. పన్నెండు గౌన్లు. ఆరువారాల గడువు.

ఇక్కడే వచ్చింది ఇబ్బంది. కూకా అమ్మమ్మది మెక్సికోలో సకతేకస్ దగ్గర పల్లె. మనిషి పోయాక తొమ్మిదిరోజులు జపమాల చెప్పాలి, ఆ తొమ్మిదిరోజులూ పోయినవాళ్ళ పక్క తీయకూడదు, బట్టలు విప్పి దులపకూడదు, ఆకారం చెదిరితే ఆత్మ దారి తప్పుతుందని ఆవిడ కూకాకి పాలతోపాటు తాగించింది. ఐరిస్‌ది ఏ మతమో కూకాకి తెలియదు. అయినా సాయంత్రాలు ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి ఆమె కోసం జపమాల తిప్పుతూనే ఉంది. ఐరిస్‌కి ఈ లోకంలో మిగిలిన అచ్చమైన ఆకారం ఆ బొమ్మ ఒక్కటే. మూడోరోజున కత్తెర పట్టుకుని దాన్ని ఎలా విప్పడం? పోనీ ఆ మాట మేడమ్‌తో చెబుదామా అంటే, మెక్సికో ఆడవాళ్ళకి దయ్యాలు లేకపోతే పొద్దుపోదని ఆవిడ పోయినేడే ఒక ఎకసెక్కెం ఆడింది. మళ్ళీ ఆడించుకోవాలని కూకాకి లేదు.

అందుకని ఒక చిన్న మోసం చేసింది. కొత్త పిల్లని పిలిచి సక్రమంగా కొలతలు తీసింది. బొమ్మ మెడమీది పట్టీ ఊడదీసి, గ్వెన్ ఆల్డ్రిచ్ అని కొత్త పట్టీ కుట్టింది. అంతే. తొడుగు ముట్టుకోలేదు. కొత్త కొలతల కాగితాన్ని తన జపపుస్తకంలో పెట్టుకుంది. బొమ్మ విప్పితే దూది రావాలి కదా, అది చూపించమంటే? ఇంటినుంచి తన దిండు తెచ్చి, చింపి, దూది సంచిలో పోసి మేడమ్ బల్లపక్కన పెట్టింది. మేడమ్ సంచి వంక చూసి తలూపింది. కూకా తొమ్మిదిరోజులు దిండు లేకుండా పడుకుంది. మెడ పట్టేసి, తల ఒక పక్కకే తిరిగేది. చలిగాలి అని అందరికీ చెప్పింది.

తొమ్మిదిరోజులయ్యాక నెమ్మదిగా విప్పి సరిచేయాలని ఆమె అనుకుంది. నాలుగోరోజున కటింగ్ మాస్టరొచ్చి బొమ్మని చక్రాల పీటమీద తీసుకుపోయాడు. పదోరోజుకి ఆరు గౌన్లు ఆ కొలతలకే కత్తిరించడం అయిపోయింది.

గ్వెన్ ఆల్డ్రిచ్ అసలు పేరు హుల్డా ప్రోకాప్. నెబ్రాస్కాలో పాడిరైతు కూతురు, పంతొమ్మిదేళ్ళు, ఒక్కచేత్తో పాలక్యాను ఎత్తగలదు. మొదటి ట్రయల్‌కి ఆమెని వాలుబల్ల పక్కన నిలబెట్టి టీరంగు శాటిన్ గౌను తొడిగారు. వీపు దగ్గర మూడువేళ్ళ మందాన ఎడం. ఇద్దరు పట్టి లాగినా కలవలేదు. దుస్తుల రూపకర్త మిస్టర్ థేయర్ సిగరెట్టు నోటినుంచి తీసి బొమ్మ వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. బొమ్మమీద ఆ గౌను నీళ్ళు పోసినట్టు కూర్చుంది. కనుక తప్పెవరిదో తేలిపోయింది.

ఆ పిల్ల మొహం కందగడ్డైంది. "క్రిస్మస్‌కి ఇంటికెళ్ళానండీ," అంది. "మా అమ్మ తీపిరొట్టెలు చేసింది. నాలుగు తిన్నాను."

కాసేపాగి, "ఆరు," అని తనే దిద్దుకుంది.

కూకా నోట్లో గుండుసూదులున్నాయి. నోట్లో సూదులున్న మనిషి మాట్లాడకూడదన్నది ఆ గదిలో నియమం. కూకా ఆ రోజు ఆ నియమాన్ని ఎన్నడూ లేనంత శ్రద్ధగా పాటించింది.

రెండువారాల తరవాత రెండో ట్రయల్. గౌను కలిసింది. హుక్కులు ఒక్కొక్కటే, చప్పుడు లేకుండా, వాటంతటవే పడ్డట్టు పడ్డాయి. కుట్టుగదిలో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బొమ్మ అబద్ధమాడదని మేడమ్ మరోసారి చెప్పింది. కూకా చివరి హుక్కు పెడుతుంటే ఆ పిల్ల వీపు వేళ్ళకి తగిలింది. పాలరాయిలా చల్లగా ఉంది. గదిలో నాలుగు ఇస్త్రీపెట్టెలు ఆవిరి కక్కుతున్నాయి, అందరి మొహాలమీదా చెమట. ఏం తింటున్నావు తల్లీ అని అడిగితే, కాఫీ తాగుతున్నానండీ మిసెస్ కూకా, డాక్టరుగారు మాత్రలిచ్చారు, ఆకలన్నదే తెలియడం లేదు అని సంతోషంగా చెప్పింది.

అంతవరకూ కూకాని పీడించింది సిగ్గు ఒక్కటే. దొరికిపోతే ఏమంటారన్న సిగ్గు. మూడో ట్రయల్‌లో అది భయంగా మారింది.

ఆ గౌన్లన్నీ ఐరిస్ భుజానికి కత్తిరించినవి. ఎడమవైపు అర అంగుళం కిందికి. సమంగా ఉన్న భుజాలమీద వేస్తే, చంకనుంచి మెడదాకా ఒక ముడత ఏటవాలుగా లేచి తీరాలి. దాన్ని ఆపడం ఏ కుట్టుపనివాళ్ళ తరం కాదు. మొదటి ట్రయల్‌లో ఆ ముడత లేచింది. కూకా కళ్ళారా చూసింది. ఇవాళ ఆమె ముడత కోసం ఎదురుచూసింది. గౌను దిగింది, హుక్కులు పడ్డాయి. శాటిన్ చెరువునీళ్ళలా నిశ్చలంగా ఉంది. కూకా వెనకనుంచి పిల్ల భుజాలు చూసింది. ఎడమది కిందికి ఉంది. చేత్తో కొలిచి చూడక్కర్లేదు. అర అంగుళమని ఆమె కంటికి తెలుసు.

బరువైన సంచులు మోస్తున్నావా అని అడిగింది. పిల్ల లేదంది. ఎందుకని అడిగింది. ఏం లేదని కూకా అంది.

మిస్టర్ థేయర్ గౌను జీరాడే కొస దగ్గర ఏదో మార్పు గురించి మేడమ్‌తో వాదిస్తూ పక్కగదికి వెళ్ళాడు. పిల్ల వాలుబల్లకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కూకా కింద మోకాళ్ళమీద కూర్చుని అంచుకి సూదులు పెడుతోంది. పైనుంచి మాట వినిపించింది, నెమ్మదిగా, కొంచెం బొంగురుగా.

"రెఫుహియో, కాస్త ఆ తలుపు వేస్తావా. చలిగా ఉంది."

కూకా లేచింది, తలుపు వేసింది, వచ్చి మళ్ళీ మోకాళ్ళమీద కూర్చుంది. తొమ్మిదేళ్ళు అలవాటైన పని, చేతులూ కాళ్ళూ వాటంతటవి చేసేశాయి. రెండు సూదులు పెట్టాక అప్పుడు ఒళ్ళు జల్లుమంది. తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. పిల్ల పెదవులు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. నిద్రలో ఉంది. లేపి, ఏమన్నావు తల్లీ అని అడిగితే, నేనేం అనలేదే, కునుకు పట్టేసింది, క్షమించండి మిసెస్ కూకా అంది. హాజరుపట్టీలో తన పేరు పూర్తిగానే రాసి ఉంటుందని, ఎవరైనా చూసి ఉండొచ్చని కూకా తనకి తాను చెప్పుకుంది. నిద్రలో ఉన్న మనిషి హాజరుపట్టీ చదవదన్న సంగతి కూడా ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం ట్రాముకారులో పక్కన కూర్చున్న లాలియాకి మొత్తం చెప్పేసింది. లాలియా పూసలు కుట్టే విభాగంలో పనిచేస్తుంది, కూకా కొడుక్కి జ్ఞానస్నానపు తల్లి, ఆ వరసతోనే ఒకరినొకరు కోమాద్రే అని పిలుచుకుంటారు, ఇరవయ్యేళ్ళ స్నేహం. దిండు సంగతి దగ్గర లాలియాకి నవ్వొచ్చింది. భుజం సంగతి దగ్గర నవ్వు ఆగింది. మేడమ్‌కి చెప్పేయమంది. పద్దెనిమిదేళ్ళు ఈ చేతులమీద ఎవరూ వేలు పెట్టలేదు, ఇప్పుడు నేనే వెళ్ళి నా బొమ్మ అబద్ధమని చెప్పనా అంది కూకా. పైగా, నెమ్మదిగా గౌన్లు వదులు చేసుకుంటూ పోతే ఎవరికీ తెలియదని ఉపాయం చెప్పింది. లాలియా కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"పోయినామె కోసం తొమ్మిది రోజులు దిండు లేకుండా పడుకున్నావు, కోమాద్రే. బతికున్న పిల్ల కోసం ఒక్క పూట తల దించుకోలేవా?"



మర్నాడు పొద్దున ఆమె బల్లమీద చీటీ ఉంది. మేడమ్ చేతిరాత. మిస్ ఆల్డ్రిచ్ నడుము, అర అంగుళం తగ్గించాలి.

పోయినేడు పేరు వేరు, మిగతా అక్షరాలన్నీ ఇవే. కూకా చీటీ పట్టుకుని బొమ్మ దగ్గరకి వెళ్ళింది. గౌనేమీ లేకుండా కాన్వాసు తొడుగుతో అది మళ్ళీ తన పాత చోట, కిటికీ వెలుగులో నిలబడి ఉంది. తీయడానికి అందులో ఏమీ లేదని ఆమెకి తెలుసు. అయినా అలవాటుగా, క్షమించమ్మా అని, టేపు నడుము చుట్టూ వేసింది. అంకె చూసింది. టేపు తీసి, దులిపి, మళ్ళీ వేసింది.

అర అంగుళం అప్పటికే తగ్గి ఉంది.

ఆవిరి గొట్టం పక్కన ఉంటే కాగితపు గుజ్జు ఎండి కుంచించుకుపోవడం మామూలేనని తరవాత స్టూడియో వడ్రంగి చెప్పాడు. కూకా తలూపింది. పద్దెనిమిదేళ్ళలో ఆ గొట్టం పక్కన నిలబడ్డ ఏ బొమ్మా కుంచించుకుపోలేదేమని అడగలేదు.

ట్రయల్ పదిగంటలకి. మిస్టర్ థేయర్, మేడమ్, కటింగ్ మాస్టరు, పిల్ల, అందరూ ఉన్నారు. పిల్లకి ఏడో గౌను తొడుగుతున్నారు. దానికి ఈసారి వీపు దగ్గర పిడికిట్లో పట్టేంత వదులుంది. పిల్ల గౌనుని కూడా దాటి సన్నబడిపోయింది. అద్భుతం, ఇంకో అర అంగుళం లోపలికి పట్టొచ్చని మేడమ్ అంటోంది. పిల్ల తనని మెచ్చుకుంటున్నారని నవ్వింది. నవ్వితే మెడలో నరాలు లేచాయి.

కూకా నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదిదిండుకి గుచ్చింది. పదకొండు సూదులు. ఆమె ఏదో చెప్పబోతోందని అప్పటికే అందరికీ అర్థమైంది.

"లోపం పిల్లలో లేదు, మేడమ్," అంది. "బొమ్మలో ఉంది. నేను విప్పలేదు. అది ఐరిస్‌ది."

మిస్టర్ థేయర్ నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. దూది సంచి నా బల్లపక్కనే పెట్టావు, నేను చూశాను అంది.

"అది నా దిండు," అంది కూకా.

కటింగ్ మాస్టరు దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు. మేడమ్ చెంపలు ఎర్రబడ్డాయి. తరవాత ఆవిడ నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడింది. పన్నెండు గౌన్లూ కత్తిరించడం అయిపోయిందని, సోమవారం షూటింగని, గౌను పిల్లకి సరిపోయాక బొమ్మ ఎవరిదైతే ఏమిటని అడిగింది. సరిపోయింది కదా, నీ కళ్ళతో నువ్వే చూస్తున్నావు కదా అంది.  మిస్టర్ థేయర్ కూడా అవునన్నట్టు సిగరెట్టు వెలిగించుకున్నాడు.

కూకా దగ్గర మాటల్లేవు. కత్తెర ఉంది. బొమ్మ దగ్గరకి వెళ్ళి, మెడ పట్టీ దగ్గర కత్తెర ఆనించింది. అలవాటుగా నోటిదాకా వచ్చిన మాట ఈసారి అనలేదు. మెడనుంచి తుంటిదాకా ఒకే గీత. కాన్వాసు చిరిగిన చప్పుడు ఆ గదిలో చాలాసేపు ఉన్నట్టు అనిపించింది. రెండుచేతులా పట్టి తొడుగు పక్కకి లాగింది.

లోపల దూది పిడికెడు కూడా లేదు. నడుము దగ్గర కాగితపు మొండేన్నే రెండుపక్కలా రంపంతో కోసి, కోసినచోట దగ్గరకి లాగి, ఇనప తీగతో బూటులేసులా బిగించి ఉంది. తీగ ఒరుసుకుని గుజ్జు పొడిపొడిగా రాలుతోంది. దూది అయిపోయాక వచ్చిన చీటీలకి కూకా చేసిన పని అది. ఎవరూ లేని మధ్యాహ్నాలు చేసింది. పక్కటెముకల దగ్గర మడిచి గుచ్చిన కాగితాలు, నెలనెలా వచ్చిన చీటీలూ కొలతలూ, ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఒకటి జారి కింద పడింది. ఐరిస్ ఆఖరి కొలతలు. మేడమ్ వంగి తీసింది, చదివింది. ఆ చీటీలు రాసిన చెయ్యి ఆవిడదే. అవి ఏం చేశాయో చూడటం మాత్రం ఇదే మొదలు.

ఆవిడ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. కుర్చీ లేదు. వాలుబల్లకి ఆనుకుంది.

పిల్ల వచ్చి బొమ్మ ముందు నిలబడింది. మెడ దగ్గర ఇంకా వేలాడుతున్న పట్టీమీద తన పేరు చదువుకుంది. తీగని ఒక వేలితో తాకింది. గ్వెన్ ఆల్డ్రిచ్ గొంతూ కాదు, మొన్నటి బొంగురు గొంతూ కాదు, పాడిరైతు కూతురి గొంతుతో, "ఇందులోకా నేను వెళ్తున్నది?" అంది.

 మిస్టర్ థేయర్ సిగరెట్టు ఎక్కడ ఆర్పాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి మేడమే, గౌను విప్పండి అంది. తరవాత కూకా వంక చూడకుండా, మళ్ళీ కొలత తీయి అంది. షూటింగ్ తొమ్మిదిరోజులు వెనక్కి జరిగింది. ఎందుకు జరిగిందన్నదానికి స్టూడియో పత్రికలకి ఇంకేదో కారణం చెప్పింది. కూకాని ఆ నెలాఖరునుంచి బొమ్మలు మాన్పించి, హుక్కులు కుట్టే బల్లకి మార్చారు. మందలించలేదు, కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. కానీ అవన్నీ తరవాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం ఇంకా ఒక పని మిగిలి ఉంది.

పిల్లకి దుప్పటి చుట్టి, లాలియా డబ్బాలోంచి తెచ్చిన మొక్కజొన్న రొట్టె సగం తినిపించి, సగం చేతిలో పెట్టారు. మాత్రల సీసా ఎక్కడుందో కూకా అడిగి తీసుకుని జేబులో వేసుకుంది. మిగతావాళ్ళు బయటికి వెళ్ళారు. కూకా టేపు పిల్ల నడుము చుట్టూ వేసి, రెండు కొసలూ వేళ్ళమధ్య కలిపి పట్టుకుంది.

టేపు తగలగానే పిల్ల ఊపిరి బిగబట్టింది. టేపు తగిలితే అందరూ బిగబడతారు. తారలైతే మరీను. వదిలేయి తల్లీ, ఎవరూ చూడటంలేదు అంది కూకా. వదిలేశానండీ అంది పిల్ల. వదల్లేదు. వదలడం ఎలాగో ఆ ఒంటికి గుర్తులేదు. కూకా తొందరపెట్టలేదు. మోకాళ్ళమీద కూర్చుని, టేపు పట్టుకుని, ఎదురుచూసింది. పక్కగదిలో కుట్టుమిషన్లు ఒకటొకటిగా మళ్ళీ మొదలయ్యాయి.

అప్పుడు ఊపిరి వదిలింది. సన్నగా మొదలై వస్తూనే ఉంది. ఆగుతుందనుకున్నచోట ఆగలేదు. కూకా వేళ్ళమధ్య టేపు కదిలింది, జారింది, అర అంగుళం, అంగుళం, రెండు. పక్కనున్న బొమ్మ చిరిగిన తొడుగు అంచు ఆ గాలికి అటూఇటూ ఊగింది. ఒక్క మనిషి గుండెలో అంత ఊపిరి పట్టదు. కూకాకి ఆ సంగతి తెలుసు. అందులో ఎవరిది ఎంతో ఆమె లెక్కపెట్టలేదు. అది పూర్తిగా అయిపోయేదాకా ఆగి, పిల్ల మళ్ళీ తనంతట తాను ఊపిరి పీల్చుకున్నాక, అప్పుడు అంకె చదివింది.